మూలన బొటనవేలు

ఆమె పోయిన రోజున సూది కనిపించలేదు.

అది పొట్టి సూది. ఏళ్ల తరబడి వేళ్ల మధ్య నలిగి నడుము దగ్గర కాస్త వంగింది. బట్టల చిల్లులు పూడ్చే రఫూ పనికి ఆమె దాన్ని తప్ప ఇంకోదాన్ని ముట్టుకునేది కాదు. ఆ రోజు ఇంటినిండా మనుషులు. అందరూ చెప్పులు బయట విడిచి వచ్చారు. ఎవరి పాదంలో దిగుతుందోనని ఆమె భర్త కిటికీ పక్క బల్ల కింద మోకాళ్ల మీద కూర్చుని, గచ్చంతా అరచేత్తో తడిమాడు.

"నాన్నా, లే. ఇప్పుడు సూదేంటి?" కూతురు వచ్చి భుజం పట్టుకుంది.

"గుచ్చుకుంటుందమ్మా ఎవరికైనా."

"నేను చూస్తాలే. నువ్వు లే ముందు."

లేచి కుర్చీలో కూర్చున్నాడు. ఎవరో మంచినీళ్లిచ్చారు. తాగి గ్లాసు పక్కన పెట్టాడు. కాసేపటికి మళ్లీ బల్ల కిందికి వెళ్లాడు.

తర్వాత అందరూ వెళ్లిపోయారు. కూతురు సెలవు ఉన్నంతవరకు ఉంది. తనది ఆసుపత్రి మందుల కౌంటరులో ఉద్యోగం, ఇల్లు ఊరికి అవతలి వైపు. ఆదివారం ఆదివారం వస్తానని చెప్పి, వండినవి గిన్నెల్లో సర్ది, ఫ్రిజ్‌లో ఏ గిన్నె ముందు తినాలో రెండుసార్లు చూపించి వెళ్లింది. సూది దొరకలేదు.

బస్సు ఇంజను పక్కన కూర్చుని ఉద్యోగమంతా గడిపిన మనిషి అతను. ఫ్రిజ్ ఆగడం, మళ్లీ మొదలవడం ఇంత పెద్ద చప్పుళ్లని ఇన్నాళ్లూ తెలియదు. పొద్దున లేచి రెండు కప్పులు దించేవాడు. ఒకటి వెనక్కి పెట్టేవాడు. టీ తాగాక కిటికీ పక్క బల్ల ముందు, తన కుర్చీలోనే కూర్చునేవాడు. ఎదుటి కుర్చీ ఆమెది. బల్ల మీద ఆమె వదిలిన బట్టలను ఆ రోజు ఎవరో పోగేసి పాత దుప్పటి కప్పారు, ఆ మూట అలాగే ఉంది. పక్కన ఫోను.

ఫోను మాత్రం మోగుతూనే ఉంది.

"రెండో సగం ఎప్పుడక్కా?"

"అక్కా, కోటు సగంలో వదిలేసి ఎటుపోయావు? ఇక్కడ మాకు అన్నం సయించట్లేదు."

"బావగారూ, మీరైనా చెప్పండి. వేలితో సైగ చేసినా చాలు."

వాళ్లంతా రఫూ నేర్పే ఆమె వీడియోల ఛానెల్ చూసేవాళ్లు. లక్షల మందేం లేరు. ఉన్నవాళ్లలో చాలామంది వయసు మళ్లినవాళ్లే. ఉద్యోగం మానేసిన నర్సమ్మ ఒకామె. దుప్పటి చిల్లు ఎలా పూడ్చాలని అడుగుతూ వచ్చి అక్కడే ఉండిపోయిన మాస్టారు ఒకాయన. అందుకే ఆయన్ని అందరూ దుప్పటి మాస్టారు అనేవాళ్లు. ఆమె జవాబు చెప్పేలోపు వాళ్లలో వాళ్లే మాట్లాడుకునేవాళ్లు, పోట్లాడుకునేవాళ్లు, ఎవరికైనా జ్వరమొస్తే పలకరించుకునేవాళ్లు.

ఆ వీడియోల్లో ఎవరి మొహమూ కనిపించదు. బల్ల, గుడ్డ, ఆమె చేతులు. కింది మూలన అతని ఎడమ బొటనవేలు. కుడిచేత్తో ఫోను పట్టుకుని, గుడ్డ జారకుండా ఎడమచేతి బొటనవేలితో అంచును నొక్కి పట్టుకోవడం అతని పని. ఎప్పుడో జాకీ జారిపడి ఆ వేలి గోరు నిలువునా చీలింది. మళ్లీ అతుక్కోలేదు. మొదట్లో ఎవరో, "అక్కా, మూలన ఆ వేలు ఎవరిది?" అని అడిగారు. "ఎవరిదైతే ఏంలే. అన్నం పెట్టి మేపుతున్నా, ఆ మాత్రం పట్టుకోకపోతే ఎలా?" అంది ఆమె తర్వాతి వీడియోలో. అప్పటినుంచి అతను అందరికీ వేలు బావగారు అయ్యాడు.

కూతురు కొనిచ్చిన స్టాండు పెట్టెలోనే ఉంది. "స్టాండు దగ్గుతుందా, తుమ్ముతుందా? దానితో నాకేం మాటలుంటాయి?" అని ఆమె దాన్ని అలమర పైకి ఎక్కించేసింది.

కోటు మోచేతి చిల్లు మొదటి సగం వీడియో పెట్టిన మర్నాడు పొద్దున, అతను పాల కోసం వెళ్లి వచ్చేలోగా ఆమె ఆ బల్ల మీదికే తల వాల్చింది. ఆ సంగతి ఛానెల్లో ఎవరికీ తెలియదు. చెప్పాలని అతను రోజూ అనుకుంటున్నాడు. చెబితే ఏం జరుగుతుందో కూడా తెలుసు. అందరూ అయ్యో అంటారు. ఆ తర్వాత రెండో సగం ఎప్పుడని అడిగేవాళ్లుండరు. అక్కడ తప్ప అతన్ని బావగారూ అని పిలిచేవాళ్లు ఇంకెక్కడా లేరు.

గురువారం లాండ్రీ ఆయన వచ్చాడు. బట్టలు తెచ్చిచ్చేదీ, పట్టుకెళ్లి సొంతదారులకు అందించేదీ ఆయనే. గుమ్మంలో కాసేపు నిలబడి, తడబడుతూ లోపలికొచ్చాడు.

"ఎలా ఉన్నారు డ్రైవరుగారూ?"

"ఉన్నా. కూర్చో."

"కూర్చోను. ఆ మూట... వాళ్లంతా అడుగుతున్నారు. నేనేం చెప్పను? ఇచ్చేస్తే వేరే చోట చేయిస్తా."

అతను దుప్పటి తీశాడు. రెండు పంట్లాములు, ఒక శాలువా లాండ్రీ ఆయనే మడతపెట్టి సంచిలో వేసుకున్నాడు. అడుగున కోటు ఉంది. ముదురు బూడిదరంగు ఉన్ని కోటు. కోటు చెయ్యి తిరగేసి ఉంది.

"ఇదీ ఇచ్చేయండి. సందు చివర మిషనాయన ఉన్నాడు. అడుగున ముక్క అతికించి పైనుంచి నాలుగుసార్లు మిషను తిప్పేస్తాడు. పని అయిపోతుంది."

"మచ్చ కనపడుతుంది."

"కనపడితే కనపడనీయండి. మోచేతిని ఎవరు చూస్తారు?"

అతను కోటును చేతుల్లోకి తీసుకున్నాడు. వేలికి చురుక్కుమంది. తిప్పి చూశాడు. చిల్లు అంచున, మంచి గుడ్డలోకి కొంచెం దిగి, పొట్టి సూది ఉంది. బెజ్జంలో దారం కూడా అలాగే ఉంది.

"దొరికింది" అన్నాడు.

"ఏంటది?"

"సూది."

లాండ్రీ ఆయన సూదినీ, అతన్నీ మార్చి మార్చి చూశాడు. సంచి భుజానికి తగిలించుకుని చెయ్యి చాచాడు. అతను కోటు ఇవ్వలేదు.

"దీని పని ఇంకా అవ్వలేదు."

"అవ్వలేదు కాబట్టేగా పట్టుకెళ్తానంటున్నా."

"సోమవారం రా."

"సోమవారానికి ఎవరు చేస్తారండీ? మీరా?"

"ఇన్నేళ్లూ పక్కనే కూర్చుని చూశాగా."

"చూస్తే వచ్చేట్టయితే బస్సెక్కినవాడల్లా డ్రైవరే అవ్వాలి." అనేశాక లాండ్రీ ఆయన నాలుక కరుచుకున్నాడు. "ఏమీ అనుకోకండి. సోమవారం వస్తా. అప్పటికీ ఇలాగే ఉంటే మాత్రం పట్టుకెళ్లిపోతా. కోటాయన నన్ను కాల్చుకు తింటున్నాడు."

ఆ సాయంత్రం కూతురు ఫోను చేసింది. తిన్నావా, మందులేసుకున్నావా అయ్యాక, "నాన్నా, ఛానెల్ చూశాను. పాపం, వాళ్లింకా అడుగుతున్నారు" అంది.

"ఊఁ."

"అమ్మ ఫొటో ఒకటి బాగు చేయించాను. ఆదివారం వచ్చి అది పెట్టి, విషయం రాసేస్తాను. ఎవరో ఒకరు చెప్పాలిగా."

"రాశాక?"

"రాశాక ఏముంది? అందరూ తలో మాట రాస్తారు. అంతే. తర్వాత మూసేద్దాం. ఊరికే మోగుతుంటే నీకూ బాధే కదా."

అతను ఫోనును ఇంకో చెవికి మార్చుకున్నాడు. బాధేనని ఆమె అనుకుంది. "సరే నాన్నా, ఉంటా" అని పెట్టేసింది.

మర్నాడు పొద్దున కిటికీలోంచి ఎండ బల్ల మీదికి రాగానే అతను పాత వీడియోలు తీసి చూశాడు. అవన్నీ అతను తీసినవే. కానీ ఎప్పుడూ చూసింది ఫ్రేము వంకర పోయిందా, ఆమె తల నీడ గుడ్డ మీద పడుతోందా, వేలు కింద అంచు జారుతోందా అన్నదే. సూది ఎటు దిగి ఎటు తేలుతుందో ఇప్పుడు మొదటిసారి చూస్తున్నాడు. ఒక చోట ఆపి వెనక్కి జరిపాడు. మళ్లీ చూశాడు. ఆమె మాటలు వినపడకుండా శబ్దం తగ్గించేశాడు. వింటూ చూడటం అతనివల్ల కాలేదు.

అలమర మీద నుంచి స్టాండు దించి, పెట్టె మీది దుమ్ము తుడిచి, కాళ్లు విప్పి బల్ల మీద నిలబెట్టాడు. ఫోను బిగించాడు. కోటు పరిచాడు. అంచు జారుతుంటే మూలన ఆమె కత్తెర బరువుగా పెట్టాడు. వీడియో మొదలుపెట్టి, కళ్లజోడు సర్దుకుని సూది పట్టుకున్నాడు.

రఫూకి వేరే దారం పనికిరాదు. ఆ గుడ్డలోంచే తీయాలి. ఎవరికీ కనపడని చోట, లోపలి మడతలోంచి ఒక్కో పోగు పీకి, దానితోనే చిల్లు నేయాలి. ముందు నిలువు పోగులు, తర్వాత వాటి మధ్యనుంచి అడ్డం పోగులు, ఒకదాని పైనుంచి, ఒకదాని కిందినుంచి. అంతవరకు అతనికి అర్థమైంది. మడత విప్పి పోగు లాగితే తెగింది. ఇంకోటి లాగాడు. అదీ తెగింది. నిండు బస్సును కొండ మలుపుల్లో తిప్పిన చేతులకు ఆ పోగు లొంగలేదు. మూడోదాన్ని తడిచేసి, మెల్లగా, అంగుళం అంగుళం రప్పించాడు.

సూదిలోకి దారం ఎక్కడానికే చాలాసేపు పట్టింది. ఎడమ బొటనవేలితో చిల్లు అంచును నొక్కి పట్టి, కుడిచేత్తో సూది దించాడు. ఒకటి పైన. ఒకటి కింద. వరస చివరికి రాగానే, దారం లాగి బిగించి, సూదిని వెనక్కి తిప్పాడు. కిటికీ బయట ఎవరో బకెట్టు ఈడ్చుకెళ్లారు. కొన్ని వరసలు అయ్యేసరికి వేళ్లు తిమ్మిరెక్కాయి. సూదిని గుడ్డలోనే గుచ్చి వదిలాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఆపనా?"

ప్రతి వీడియో చివరా అతను అడిగే మాట అది. ఆమె "ఆపు" అంటుంది, అతను ఆపుతాడు. ఆదివారాల్లో కూతురు వచ్చి ఆ ముక్కను కత్తిరించి ఇచ్చేది. అతను కాసేపు ఎదురుచూశాడు. కత్తెర మీద ఎండ జరిగింది. అప్పుడు తల ఎత్తి, ఎదుటి కుర్చీని చూసి, లేచి, స్టాండు దగ్గరికి వెళ్లి తనే ఆపాడు.

కత్తిరించడం అతనికి రాదు. ఎక్కించడం మాత్రం ఆమెకు చేసి పెట్టేవాడు కాబట్టి తెలుసు. అలాగే ఎక్కించేశాడు. పైన "కోటు, రెండో సగం" అని రాశాడు. ఇంకేమీ రాయలేదు. అడిగినవాళ్లకి అడిగింది ఇచ్చేశాననుకున్నాడు.

శుక్రవారం పొద్దుగూకేదాకా ఎవరూ ఏమీ అనలేదు. చూసినవాళ్ల లెక్క పెరుగుతోంది, కామెంటు మాత్రం ఒక్కటీ రాలేదు. ఇన్నేళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు. గిన్నె వేడి చేసుకుని, తినకుండా మూత పెట్టేశాడు.

మొదటి కామెంటు నర్సమ్మది.

"మూలన వేలు లేదు. కత్తెర ఉంది. వేలు మధ్యలోకి వచ్చింది. బావగారూ, అక్క ఏది?"

అతను కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. జవాబు రాయడానికి చాలా మాటలు వెతికాడు. ఒకటి రాసి చెరిపాడు. చివరికి "లేదమ్మా" అని రాశాడు. ఫోను బోర్లించి లోపలికి వెళ్లి పడుకున్నాడు. వెనక అది మోగడం వినపడింది. లేవలేదు.

శనివారం పొద్దున భయంభయంగానే తిప్పి చూశాడు. తను అనుకున్నట్టే అందరూ అయ్యో అన్నారు. చదువుతూ కిందికి వెళ్లాడు. ఆ వరసలో ఒకచోట దుప్పటి మాస్టారు రాసింది కనిపించింది.

"బావగారూ, మా ఆవిడ పోయినప్పుడు నేను అక్క వీడియోలు చూడటం మొదలుపెట్టాను. దుప్పటికి చిల్లు ఉందని చెప్పాను గానీ, అప్పటికి నా దుప్పటికి చిల్లేమీ లేదు. మాటల కోసం నేనే కత్తిరించుకున్నాను. అది అలా ఉంచండి. మీరు చివర ఆపనా అని అడిగారు. జవాబు రాలేదు. మేం చెబుతున్నాం, ఆపొద్దు. కానీ ముందు ఆ వరసలన్నీ విప్పేయండి. చివర్లో దారం తిరిగే చోట వదులుగా వంకీ వదల్లేదు మీరు. గుడ్డ ముడుచుకుపోయింది. అక్క చూస్తే ఊరుకోదు."

దాని కింద అందరూ మొదలుపెట్టారు.

"అవును, వంకీ వదలాలి. ప్రతి వరస చివరా గోటి మొనంత. లేకపోతే ఉతికినప్పుడు పీక్కుపోతుంది."

"రఫూ చెయ్యమంటే మూట కట్టారేంటి బావగారూ!"

"పాపం, ఏమీ అనకండి. కొత్త కదా."

"కొత్తేంటి? ఇన్నేళ్లు పక్కనే కూర్చున్నాడు. ఏం చూశాడో అడగండి!"

ఆ చివరిది చదివి అతనికి నవ్వొచ్చింది. లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాడు.

నర్సమ్మ ఛానెల్లో ఉన్న నంబరుకి గొంతు రికార్డు చేసి పంపింది. నొక్కాడు. వయసైన ఆడమనిషి గొంతు, కొంచెం ఆయాసం. "బావగారూ, అక్క ఏమనేదో గుర్తుందా? దారాన్ని లాగకూడదు, పిలవాలి. దానంతట అదే వస్తుంది. మీరు లాగుతున్నారు."

ఆ మాట ఆమె ఎన్నిసార్లు అన్నదో. అతను ఫోను పట్టుకుని, వేలు నొక్కిపెట్టుకుని, మోచేతి దూరంలోనే ఉన్నాడు. ఒక్కసారీ చెవిన పెట్టలేదు. ఎక్కడో ముక్కూమొహం తెలియని మనిషి దాన్ని దాచిపెట్టుకుని, ఆమె విరుపుతో సహా తిరిగి అప్పజెబుతోంది. ఇంకోసారి నొక్కాడు. తర్వాత పాత వీడియో ఒకటి తీసి, శబ్దం పెంచి, మొదటినుంచి చివరిదాకా విన్నాడు.

ఆదివారం కూతురు వచ్చేసరికి అతను బల్ల దగ్గరే ఉన్నాడు. ఆమె చేతిసంచిలోంచి ఫొటో కొస కనిపిస్తోంది. నిలబడే తన ఫోనులో చూసింది. చాలాసేపు పైకీ కిందికీ జరిపింది. వీడియో చివరిదాకా నడవడం అతనికి వినపడింది.

"నాన్నా, చివర కత్తిరించకుండా పెట్టేశావు."

"నాకు రాదుగా అది."

"ఆపనా అని అడిగావు."

"అలవాటమ్మా."

ఆమె సంచి కుర్చీకి తగిలించి వంటింట్లోకి వెళ్లింది. గిన్నెలు తోముతున్న చప్పుడు రాలేదు గానీ, కుళాయి చాలాసేపు నడిచింది. తిరిగొచ్చి చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "తినకుండా వదిలేసిన గిన్నెలు లోపల అలాగే ఉన్నాయి. ఏమనాలి నిన్ను?" అంది.

"అను. అందరూ అంటున్నారు."

ఫొటో సంగతి ఆమె ఎత్తలేదు. వెళ్లేటప్పుడు సంచితోపాటే పట్టుకెళ్లింది. గుమ్మం దగ్గర ఆగి, "చివరి ముక్క కత్తిరించడం నేర్పనా?" అని అడిగింది.

"వద్దులే" అన్నాడు.

సోమవారం లాండ్రీ ఆయన వచ్చాడు. కోటు అందుకుని మోచేతి దగ్గర బొటనవేలితో తడిమాడు. ఒకవైపు చేతికి ఏమీ తగల్లేదు. ఇంకోవైపు చిన్న గడ్డలా ఎత్తుగా ఉంది.

"ఇక్కడ ముడుచుకుపోయిందండీ."

"తెలుసు. విప్పాలి."

"విప్పి?"

"మళ్లీ చేయాలి."

లాండ్రీ ఆయన కోటును సంచి దాకా తీసుకెళ్లి ఆగాడు. బల్ల మీద స్టాండును చూశాడు. అందులో ఫోను అప్పటికే బిగించి ఉంది. కత్తెర మూలన ఉంది. సూది, సూదులు గుచ్చే దిండులో ఉంది. ఫోను ఉండుండి మోగుతోంది.

"ఎవరండీ అన్నిసార్లు?"

"తిట్టేవాళ్లు."

"కోటాయనకి ఏం చెప్పమంటారు మరి?"

"ఇంకా అవ్వలేదని చెప్పు."

"చలి మొదలయ్యేలోపు అవుతుందా?"

అతను కత్తెరను బల్ల మూలకి సరిగ్గా జరిపాడు. లాండ్రీ ఆయన నిట్టూర్చి, కోటును తెచ్చి బల్ల మీద పరిచి, దాని చేతిని తిరగేసి పెట్టి వెళ్లిపోయాడు.

అతను తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు. ఫోను మీట నొక్కాడు. సూది మొనతో తను వేసిన వరసలను ఒక్కొక్కటే లేపి, తెగకుండా, మెల్లగా వెనక్కి రప్పించాడు. అన్నీ తీసేసరికి మధ్యాహ్నమైంది. ఆమె చేసిన సగం ఎక్కడ మొదలవుతుందో వెతికితే కనపడలేదు. రెండో సగం ఇంకా అలాగే ఉంది.